మైనస్ నలభై ఆరు టిక్కీలు

కిందటేడు మిర్చి యార్డులో పడిపోయింది కంప్యూటర్ ఒక్కటే. దెబ్బలు తగిలింది మాత్రం రైతులకు. ఎవరో పెద్దాయన ఇంటిపేరు, తాతపేరు, ఊరిపేరు కలిపి తన పేరంతా పొల్లుపోకుండా చెప్పాడట. గుమాస్తా కూడా మర్యాదస్తుడే, అంతా కొట్టాడట. ఆ పేరు పొడవుకు తట్టుకోలేక గేటుపాసు రాసే సాఫ్ట్‌వేర్ కళ్ళు తేలేసింది. రెండు రోజులు ఒక్క పాసు రాలేదు. పాసు లేనిదే గేటు తీయరు, గేటు తీయనిదే కాయ లోపలికి పోదు. పూర్వం ఆ గేటు దగ్గర బసవయ్య అని ఒక గుమాస్తా ఉండేవాడు, చెవి మీద పెన్సిలు పెట్టుకుని. ఎంత పొడుగు పేరు చెప్పినా ఆయన పెన్సిలు పడిపోయేది కాదు. పడినా వంగి తీసుకునేవాడు. సరే, ఆ బసవయ్యా లేడు, ఆ పెన్సిలూ లేదు.

ఈ ఏడు అలా జరగకూడదని, సాఫ్ట్‌వేర్‌ను గట్టిపరచమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. వాళ్ళు ఎంత గట్టిపరిచారో మస్తానమ్మకు ఒక బుధవారం పొద్దున్న తెలిసింది.

మస్తానమ్మ రెండెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేసింది. నారు పోసిన నాటినుంచి ఆ చేనికి ఒక సుఖం లేదు. ముందు తామర పురుగు, తర్వాత నీటి ఎద్దడి, బిందెలతో మోసి మొదళ్ళు తడిపింది. మొగుడికి మోకాళ్ళు పట్టేసి మంచం దిగలేడు. మిగిలిన కాయను కోయించి, కళ్ళంలో ఆరబెట్టి, తాలుకాయ ఏరించి, నలభై ఆరు టిక్కీలు తొక్కించింది. టిక్కీ అంటే అక్కడి మాటలో మిరపకాయల బస్తా. మరిది ఏడుకొండలు ట్రాక్టరు తోలుకొచ్చాడు. ట్రక్కు మీద టార్పాలిన్ ఉంది గాని, దాన్ని పైకెత్తి చూస్తే పగలే నక్షత్రాలు కనిపిస్తాయి. నైరుతి మూల మబ్బు పట్టి ఉంది. సాయంత్రానికి వాన అని రేడియో చెప్పనక్కర్లేదు, మస్తానమ్మకు గాలి వాసనే చెప్పింది. ఎండిన కాయకు తడి తగిలితే రెండు రోజుల్లో నల్లబడి బూజు పడుతుంది. బూజు పట్టిన కాయ ముఖం దారిన పోయేవాడు కూడా చూడడు. ఆ నలభై ఆరూ సాయంత్రంలోగా యార్డు రేకుల కిందికి చేరాలి. ఆమెకు కావలసింది అంతే.

గేటు ముందు ఇరవై మూడు ట్రాక్టర్లు నిలబడి ఉన్నాయి. కొన్ని సోమవారంనుంచి ఉన్నాయి. డ్రైవర్లు ట్రక్కుల కింద పడుకుని ఉన్నారు. మస్తానమ్మ నేరుగా గేటుపాసులిచ్చే కిటికీ దగ్గరికి వెళ్ళింది.

"యార్డు నిండిపోయిందమ్మా," అన్నాడు గుమాస్తా వీరాస్వామి తల ఎత్తకుండా.

మస్తానమ్మ గేటు చువ్వల్లోంచి లోపలికి చూసింది. రేకుల షెడ్డు రైలంత పొడవున ఖాళీగా ఉంది. సరిగ్గా నడిమధ్యన ఒక కుక్క నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకు చాపుకుని నిద్రపోతోంది.

"ఏందయ్యా నిండింది? ఆ కుక్క తప్ప ఏం లేదే లోపల."

"కంటికి కనపడేది లెక్క కాదమ్మా. కంప్యూటర్‌లో లక్షా ఇరవై వేల టిక్కీలున్నాయి. యార్డు పట్టేదే లక్షా ఇరవై వేలు. ఇంకొకటి కూడా పట్టదు."

"ఎవరియ్యి అన్ని?"

వీరాస్వామి తెర వైపు తిరిగి శ్రద్ధగా చదివాడు. "గగగగమ గారివి తొమ్మిది వేలు. ఠఠంఠ గారివి పదమూడు వేలు. పేరు దగ్గర ఉత్త చుక్కలున్న రైతు ఒకాయన, ఆయనవి ఇరవై వేలు. పెద్ద రైతు."

"చుక్కలాయనది ఏ ఊరు?" అన్నాడు ఏడుకొండలు వదిన వెనకనుంచి.

"ఊరి దగ్గర కామాలున్నాయి."

"ఎరగం," అన్నాడు ఏడుకొండలు. "మా మండలం అయ్యుండదు."

లోపల కాపలాదారు జాలయ్య కర్ర పట్టుకుని తిరుగుతున్నాడు. ఖాళీ షెడ్డులో తిన్నగా నడవకుండా గట్ల మీద నడిచినట్టు అక్కడొక వంపు, ఇక్కడొక వంపు తిరుగుతూ వస్తున్నాడు. ఎందుకయ్యా అట్టా అని అడిగితే, "టిక్కీల మీద నడవకూడదక్కా. నిన్న అడ్డంగా నడిచానని మెమో ఇచ్చారు," అన్నాడు. కుక్కకు మెమో ఇవ్వలేదు, అది పర్మినెంటు ఉద్యోగి కాదు గనుక.

మస్తానమ్మ మేడ మీదికి, యార్డు సెక్రటరీ పరాంకుశం గారి గదికి వెళ్ళింది. ఆయన చెడ్డమనిషి కాడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఒక్క కాగితం పోగొట్టుకోలేదు. కాగితంలో లేని మనిషి ఎదురుగా నిలబడితే మాత్రం ఆయనకు కొంచెం ఇబ్బందిగా ఉంటుంది.

"కూర్చోండి. మీరు అనుభవిస్తున్న తాత్కాలిక అసౌకర్యం మా దృష్టిలో ఉంది," అన్నాడు.

"దృష్టిలో ఉంటే తడవదా అయ్యా, కాయ? ఇంతకీ ఆ లేని బస్తాలు యాడియ్యి?"

"అవి లేనివి కావు. యాదృచ్ఛిక దత్తాంశ పటుత్వ పరీక్షా అభియానంలో భాగంగా విధివిధానాల ప్రకారం నమోదైనవి."

ఆ అభియానం కథ ఇది. సాఫ్ట్‌వేర్‌ను గట్టిపరచడానికి పట్నంనుంచి సహన అనే ఇంజినీరు వచ్చింది. పాతికేళ్ళ పిల్ల, మాట నెమ్మది. ఆమె చెప్పింది చిన్న సంగతే. సాఫ్ట్‌వేర్‌కు మనం ఎప్పుడూ సరైన పేరూ సరైన అంకే ఇచ్చి చూస్తాం, బాగుందనుకుంటాం. అడ్డదిడ్డమైనవి, ఎవరూ ఊహించనివి, వేలకొద్దీ దాని నోట్లో కుక్కి చూస్తే ఎక్కడ పడిపోతుందో ముందే తెలుస్తుంది, అక్కడ బాగు చేసుకోవచ్చు. దీన్ని ఫజ్ టెస్టింగ్ అంటారు. "ఆ చెత్తంతా తయారు చేయడానికి వేరే ప్రోగ్రామే ఉంది సార్. మన సాఫ్ట్‌వేర్‌కు ఒక కాపీ తీసుకుని, పక్కన పెట్టి, దాని మీద వదిలేస్తాను. ఒక్క రోజు పని," అంది.

పరాంకుశం గారికి అంతా నచ్చింది గాని కాపీ అన్న మాట దగ్గర కలం ఆగింది. ఆయన సర్వీసులో నకలు అంటే గెజిటెడ్ అధికారి సంతకం లేనిదే చెల్లనిది. కంప్యూటర్ నకలు మీద సంతకం ఎక్కడ పెట్టాలని అడిగితే, అక్కర్లేదు సార్ అంది ఆ పిల్ల. 'అసలు అందుబాటులో ఉండగా నకలుపై పరీక్ష జరుపుట నిబంధనలకు విరుద్ధము' అని రాసి, పరీక్ష అసలు మీదే జరపమన్నాడు. అదీగాక, చెత్తను ప్రోగ్రామే తయారు చేస్తే సిబ్బంది ఏం చేస్తారు? గుమాస్తాకు రోజుకు మూడు వందల చెత్త ఎంట్రీల చొప్పున డ్యూటీ చార్టు వేశాడు.

మొదటి రెండు రోజులు గుమాస్తాలు హుషారుగా కొట్టారు. మూడో రోజుకి చేతులు అలవాటుకొద్దీ తెలిసిన పేర్ల వైపు పోయాయి. వీరాస్వామి ఎంట్రీల్లో ఒకచోట 'రమాదేవి' అని కనిపించింది, వాళ్ళావిడ పేరు. వెంటనే మెమో వచ్చింది: 'తమరి నమోదులలో అర్థము గోచరించుచున్నట్లు దృష్టికి వచ్చినది. మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.' ఆ తర్వాత చెత్తను ముందు కాగితం మీద రాసి, సూపరింటెండెంటు చేత అర్థం లేదని ధ్రువీకరింపజేసి, అప్పుడు కొట్టడం మొదలుపెట్టారు. సూపరింటెండెంటు గారు చాలా నిష్ఠగా చదివేవాడు. 'ఝఝఢ' అన్న దాన్ని, ఎక్కడో విన్నట్టుందని రెండుసార్లు తిప్పి పంపాడు.

రిజిస్టరులో గళ్ళు రెండే: పడింది, పడలేదు. పడ్డప్పుడల్లా సహన కూర్చుని, ఇలాంటి చెత్త వస్తే 'తప్పు, మళ్ళీ కొట్టండి' అని వెనక్కి పంపేలా సరిచేసేది. పరాంకుశం గారు దాన్ని ఒప్పుకోలేదు. తిరస్కరించడం సేవాలోపం కిందికి వస్తుంది, వచ్చినదాన్ని యంత్రం సగౌరవంగా స్వీకరించాలి అన్నాడు. మూడో వారానికి సాఫ్ట్‌వేర్ ఏది పెట్టినా మింగి, పాసు ఇచ్చి, నమస్కారం పెట్టే స్థితికి వచ్చింది. పడలేదు, పడలేదు, పడలేదు అని రిజిస్టరు నిండిపోయింది. యార్డు కూడా నిండిపోయింది.

"అయితే చెరిపెయ్యండయ్యా వాటిని," అంది మస్తానమ్మ.

"వచ్చిన సరుకును వేలం కాకుండా రికార్డునుంచి తొలగించుట నేరం."

"అయితే వేలం ఎయ్యండి."

"వేశాము. కిందటి వారం. ఏ వ్యాపారీ పాడలేదు. పాట రాని సరుకు, రైతు వచ్చి తీసుకెళ్ళే వరకు యార్డులో ఉండవలసిందే. సదరు రైతులకు నోటీసులు పంపాము."

"ఎవరికీ, చుక్కలాయనకా?"

"వారికి, తదితరులకు. చిరునామా చాలదని పోస్టాఫీసు వారు తిప్పి పంపారు. రెండవ నోటీసు తయారవుతోంది. మీరు ఓపిక పట్టాలి."

"నాకు ఓపిక ఉంది బాబూ. ఆ మబ్బుకే లేదు."

పరాంకుశం గారు కిటికీలోంచి మబ్బు వైపు చూశాడు. అది ఆయన పరిధిలోకి రాదు గనుక మళ్ళీ కాగితాల వైపు తిరిగాడు.

మస్తానమ్మ కిందికి దిగేసరికి సహన టీ బడ్డీ దగ్గర బల్ల మీద కూర్చుని ఉంది. టీ చల్లారి మీగడ కట్టింది. ఈ పిల్లే ఆ పిల్ల అని ఏడుకొండలు చెప్పాడు. మస్తానమ్మ పోట్లాడదామనే వెళ్ళింది గాని, ఆ ముఖం చూసి పక్కన కూర్చుంది.

"ఏం తల్లీ, నీ వల్లనేనంటగా ఇదంతా?"

"నేను చెప్పింది ఇది కాదు పెద్దమ్మా."

"నువ్వు చెప్పింది ఏందో నాకు చెప్పు. నేను చదువుకోలేదు, మెల్లగా చెప్పు."

సహన చెప్పింది. మస్తానమ్మ కాసేపు విని, "ఓస్, కుండ కొనేటప్పుడు వేలి కణుపుతో తట్టి చూస్తామే, అదా?" అంది.

సహన మొదటిసారి నవ్వింది. "అదే. చుట్టూ తట్టాలి. ఎవరూ తట్టని చోట కూడా తట్టాలి. ఎక్కడ బొంగురు పలికితే అక్కడ పగులు. నేను తట్టమన్నది కొట్లో ఉన్న కుండని. వీళ్ళు పొయ్యి మీద అన్నం ఉడుకుతున్న కుండని తట్టారు."

"తడితే తట్టారు. అన్నంలో ఈ రాళ్ళెందుకు పోశారంట?"

"కుండ పగల్లేదుగా, అదే చాలంటారు. అన్నం తినడానికి పనికొస్తుందా లేదా అని రాసుకోవడానికి వాళ్ళ రిజిస్టరులో గడి లేదు." సహన టీ గ్లాసు పక్కన పెట్టింది. "వేరే తప్పులు ఎన్ని చూపించానో. ఒకరోజు వీరాస్వామి గారు అంకెకు ముందు పొరపాటున అడ్డగీత కొట్టారు. మైనస్ యాభై టిక్కీలు. మైనస్ యాభై బస్తాలు ఎవరైనా తెస్తారా? అది కూడా మింగేసింది. యార్డులో ఉన్న లెక్కలోంచి యాభై తీసేసి, పాసు ఇచ్చింది. ఇది పెద్ద లోపం సార్ అని వెళ్ళి చెప్పాను. పడిందా అన్నారు. పడలేదన్నాను. అయితే లోపం కాదు అని రాశారు."

మస్తానమ్మ లేవబోయి ఆగింది.

"తీసేసిందా? తీసేస్తే యార్డులో చోటు మిగులుద్దిగా?"

"మిగులుతుంది."

"పాసు కూడా ఇస్తదా?"

"ఇస్తుంది." సహన ఆమె వైపు చూసింది. "కాని పెద్దమ్మా, పరీక్ష ఎంట్రీలు సిబ్బందే చేయాలి. రైతులు చేయకూడదని రూలు."

"రూలు పెట్టినాయన మేడ మీదే ఉన్నాడుగా. అడిగితే పోయేదేముంది?"

ఇద్దరూ మేడెక్కారు. ఈసారి మస్తానమ్మ కాయ మాట ఎత్తలేదు. చేతులు కట్టుకుని నిలబడి, "అయ్యా, మీరు ఇంత గొప్ప పరీక్ష పెట్టారంట. నాకు అక్షరం ముక్క రాదు. నా అంత అడ్డదిడ్డంగా మీ గుమాస్తాలు కొట్టలేరు. నన్ను కూడా ఒక మాటు కొట్టనియ్యండి," అంది.

పరాంకుశం గారు కలం కింద పెట్టాడు. పై వారికి పంపే నివేదికలో 'రైతుల భాగస్వామ్యం' అని ఒక గడి ఉంది. మూడు వారాలుగా అందులో 'నిల్' అనే రాస్తున్నాడు. ఆ నిల్ ఆయనను లోలోపల తినేస్తోంది.

"నిరక్షరాస్య మహిళా రైతు స్వచ్ఛంద భాగస్వామ్యం," అన్నాడు నెమ్మదిగా, ఒక్కొక్క మాట రుచి చూస్తూ. "మీ ఎంట్రీలో అర్థం ఉండదని హామీ ఇవ్వగలరా?"

"ఒట్టు, ఉండదయ్యా."

"అనుమతించడమైనది."

వీరాస్వామి కుర్చీ ఖాళీ చేశాడు. మస్తానమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని, కీబోర్డుకు ఒక దణ్ణం పెట్టి, పిండి పిసికినట్టు రెండు అరచేతులతో పేరు గడిలో ఒక్క వత్తు వత్తింది. తెర మీద మూడు వరసలు నిండాయి. సూపరింటెండెంటు గారు కళ్ళజోడు సవరించుకుని చదివి, "ఇంత నిక్కచ్చిగా అర్థం లేనిది నా సర్వీసులో చూడలేదు," అని సంతకం పెట్టాడు. టిక్కీల గడి దగ్గర మస్తానమ్మ, సహన వేలు చూపినచోటల్లా, ముందు అడ్డగీత నొక్కింది, తర్వాత నాలుగు, తర్వాత ఆరు. మిషను కిర్రుమని పాసు బయటికి తోసింది, సూపరింటెండెంటు గారు దాని మీదా సంతకం పెట్టాడు.

పాసు తీసుకుని గేటు దగ్గరికి పోతే జాలయ్య ఆపాడు. జాలయ్య నిజాయితీపరుడు. పాసులో ఎంత ఉంటే ట్రక్కులో అంతే ఉండాలి, అది ఆయన వ్రతం. టిక్కీలు ఎంచాడు, నలభై ఆరు. పాసు చూశాడు, నలభై ఆరు, దాని ముందు అడ్డగీత.

"ఈ గీత ఏందక్కా?"

"నన్నడుగుతావేంది? మీ మిషను పెట్టింది. మీ సార్ సంతకం చూడు, పక్కనే ఉంది."

"మైనస్ అంటే ఏంది?" అని వీరాస్వామిని కేకేసి అడిగాడు జాలయ్య.

వీరాస్వామి కిటికీలోంచి తల బయటపెట్టి, "వెనక్కి," అన్నాడు.

జాలయ్య ముఖం విచ్చుకుంది. "అట్టా చెప్పు. ఏడుకొండలూ, ట్రాక్టరు తిప్పు. వెనక్కి తోలుకుంటా రావాలి."

ట్రక్కు తగిలించిన ట్రాక్టరును వెనక్కి తోలడం తెలిసినవాళ్ళకు తెలుస్తుంది ఎంత బాధో. కుడికి తిప్పితే ఎడమకు పోతుంది. ఏడుకొండలు మెడ చుట్టూ తువ్వాలు బిగించి, "వదినా, నా పెళ్ళిలో కూడా నాకు ఇంత చెమట పట్టలేదు," అంటూ, గేటు స్తంభానికి వేలెడు సందు వదిలి, తోకముందుగా లోపలికి పట్టించాడు. కుక్క లేచి, ఒళ్ళు విరుచుకుని, దారి ఇచ్చింది.

దించుతుంటే సహన దగ్గరికొచ్చి, "పెద్దమ్మా, పాసు మీద మీ పేరు లేదు. రేపు వేలంలో ఏం చేస్తారు?" అంది.

"రేపు చూసుకుందాంలే తల్లీ. తడవని కాయకు పేరు లేకపోయినా కొంటారు. తడిసిన కాయకు ఎంత పేరున్నా కొనరు."

ఈ సంగతి గేటు బయటికి పాకడానికి ఎంతసేపు? ఇరవై ముగ్గురు రైతులూ మేడ కింద వరస కట్టారు, మమ్మల్ని కూడా కొట్టనియ్యండని. పరాంకుశం గారికి కళ్ళు చెమర్చాయి. ఒకరు మోచేత్తో కొట్టారు, ఒకరు గడ్డంతో. ఒక ముసలాయన అడ్డగీత కొట్టి, ఒకటీ రెండూ కొట్టి, సున్నా మీద బొటనవేలు ఉంచి పక్కవాడితో పత్తి రేటు మాట్లాడుతూ ఉండిపోయాడు. ఆ ఒక్క ఎంట్రీతో గగగగమ గారివి, ఠఠంఠ గారివి, చుక్కలాయనవి, అందరివీ కొట్టుకుపోయాయి. యార్డు ఖాళీ అయింది, ఆపైన ఖాళీ కంటే ఎక్కువ ఖాళీ అయింది. ఆ ముసలాయన పాసులో సున్నాలు చూసి జాలయ్య కొంచెం తటపటాయించాడు గాని, సున్నాకు విలువ లేదని చిన్నప్పుడు బళ్ళో చెప్పింది గుర్తొచ్చి వదిలేశాడు. గీత ఉందా లేదా అన్నది ఒక్కటే చూసి, ట్రాక్టర్లన్నిటినీ వెనక్కి తోలించుకుంటూ లోపలికి వదిలాడు.

పరాంకుశం గారు మేడ కిటికీలోంచి చూశాడు. ట్రాక్టర్ల ముక్కులన్నీ రోడ్డు వైపు ఉన్నాయి. నివేదిక దగ్గరికి తీసుకుని రాశాడు: 'పరీక్షలో పాల్గొన్న రైతులందరూ సంతృప్తి వ్యక్తపరచి స్వగ్రామములకు మరలుచున్నారు. సాఫ్ట్‌వేర్ పడలేదు. యార్డు సంపూర్ణముగా ఖాళీ.'

ఆఖరి ట్రక్కు దించేటప్పటికి వాన అందుకుంది. రేకుల మీద శనగలు పోసినట్టు చప్పుడు. మస్తానమ్మ తన టిక్కీలను ఒకసారి ఎంచుకుంది, ఇంకోసారి ఎంచుకుంది. ఒక గోనె సందులో వేలు పెట్టి కాయను తాకి చూసింది. గలగలలాడింది. అప్పుడు కూర్చుంది.

అంతలో పరాంకుశం గారు గొడుగు వేసుకుని, నివేదిక చంకలో పెట్టుకుని, సంతకానికి ముందు స్వయంగా తనిఖీ చేయాలని వచ్చాడు. షెడ్డులో ఈ చివరినుంచి ఆ చివరికి టిక్కీలు. మనుషులు వాటి మీద కూర్చుని చుట్టలు కాలుస్తున్నారు. ఆయన ఒకసారి వాటిని చూశాడు, ఒకసారి కాగితాన్ని చూశాడు. కాగితం స్పష్టంగా ఉంది.

"ఖాళీ," అన్నాడు పక్కనున్న సూపరింటెండెంటుతో, రాసుకోమన్నట్టు.

"ఖాళీ సార్," అని ఆయన రాసుకున్నాడు.

నడవడానికి దారి లేక ఇద్దరూ బస్తాల మధ్య పక్కకు తిరిగి ఇరుకుతూ పోయారు. సగం దూరం పోయాక పరాంకుశం గారు ఆగాడు. ముక్కు ఎగరేశాడు. జేబులో రుమాలు వెతుక్కునేలోపే తుమ్మాడు. ఆ వెంటనే ఇంకొకటి, దాని తోకపట్టుకుని మరొకటి. కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారుతున్నాయి. నివేదిక కింద పడింది.

"రాయండి," అన్నాడు రెండు తుమ్ముల మధ్య. "యార్డులో సరుకు లేదు. తుమ్ములకు కారణం... విచారించవలెను."

మస్తానమ్మ తన బస్తా మీద కూర్చునే, పసివాడికి అన్నట్టు, "చిరంజీవ," అంది. ఆయన మళ్ళీ తుమ్మాడు. "చిరంజీవ," అంది మళ్ళీ. వాన తెరిపివ్వలేదు, తుమ్ములూ ఆగలేదు. మస్తానమ్మకు కూడా తొందరేం లేదు. కాయ తడవలేదు కదా, ఎన్నిసార్లయినా అంటుంది.